మన ఒంట్లోని తొలి కాపలా

(ఉపకార వేతనాల ప్రదాన సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో హోసూరు వాళ్లున్నారు, బళ్లారి వాళ్లున్నారు, షోలాపూర్, బరంపురం, యానాంల నుంచి వచ్చినవాళ్లున్నారు. మీలో కొందరు తమిళంలో చదువుకున్నారు, కొందరు కన్నడంలో, మరికొందరు మరాఠీలో, ఒడియాలో. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా సైన్సు సంగతులు తెలుగులో వినడం మీకు అలవాటు లేకపోవచ్చు. అందుకని పెద్ద పెద్ద మాటలు తగ్గించి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎక్కడైనా అర్థం కాకపోతే మొహమాటపడకుండా అడగండి.

నేను కూడా ఒకప్పుడు మీలాగే ఇలాంటి సభలో మూడో వరుసలో కూర్చుని, పేరు పిలిస్తే వెళ్లి కవరు అందుకున్నదాన్ని. మాది బరంపురం. పట్టు నేసే కుటుంబం. మా చిన్నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు. 1994లో, నేను ప్లస్ టూ చదువుతుండగా, మగ్గం కింద కాలితో తొక్కే చెక్క చీలి ఆయన బొటనవేలికి గుచ్చుకుంది. చిన్న పేడు. లాగి పారేశాడు, పసుపు అద్దాడు, మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. ఆయనకు చక్కెర వ్యాధి ఉంది. అరికాళ్లలో స్పర్శ తగ్గిపోయి ఉండటం వల్ల నొప్పి పెద్దగా తెలియలేదు. మూడో రోజు పాదం వాచింది. మందుల దుకాణంలో అడిగి ఏవో నాలుగు మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాడు. ఐదో రోజు రాత్రి చలి, వణుకు. తెల్లవారేసరికి ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియని స్థితి. ఆస్పత్రికి చేర్చాం గానీ రెండో రోజుకే పోయాడు.

అప్పుడు ఆస్పత్రిలో డాక్టరు గారు మా నాన్నతో ఒక మాట అన్నారు. "క్రిములు ఎంత చేశాయో, ఆ క్రిములతో ఆయన ఒళ్లు చేసిన పోరాటం కూడా అంత చేసింది" అని. నాకు ఆ మాట అర్థం కాలేదు. ఒళ్లు మనదే కదా, మన కోసం చేసే పోరాటం మనల్నే ఎలా చంపుతుంది? ఆ ప్రశ్న పట్టుకునే నేను జీవశాస్త్రం వైపు వచ్చాను. దానికి దొరికిన జవాబునే ఈ రోజు మీకు చెబుతాను.

కాపలా రెండు అంచెలు

మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ రెండు అంచెలుగా ఉంటుంది. రెండో అంచె సంగతి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. యాంటీబాడీలు, లింఫోసైట్లు. ఒక్కో క్రిమికి సరిపోయే ఆయుధాన్ని ప్రత్యేకంగా తయారుచేసి, ఆ క్రిమిని గుర్తుంచుకోవడం దాని పని. చాలా గొప్ప వ్యవస్థ. కాని కొత్త క్రిమి మొదటిసారి వస్తే అది సిద్ధం కావడానికి రోజులు పడుతుంది.

క్రిమి అన్ని రోజులు ఆగదు. అనువైన చోట కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలతాయి. లెక్కల విద్యార్థులు వేసి చూడండి. ఒక్క బాక్టీరియా 7 గంటల్లో 21 సార్లు రెట్టింపు అయితే 20 లక్షలు దాటుతుంది. అందుచేత రెండో అంచె సిద్ధమయ్యేలోపు గేటు దగ్గర నిలబడి ఆపేవాళ్లు ఉండాలి. వాళ్లే మొదటి అంచె. దీన్ని సహజ రోగనిరోధకత అంటాం. చర్మం, కన్నీరు, కడుపులోని ఆమ్లం, ముఖ్యంగా క్రిముల్ని మింగేసే తెల్ల రక్తకణాలు ఇందులోకి వస్తాయి. పుట్టుకతోనే ఉంటుంది, నిమిషాల్లో గంటల్లో పని మొదలుపెడుతుంది.

ఈ మింగే కణాలను మొదట బాగా గమనించినవాడు ఇల్యా మెచ్నికోవ్. రష్యా సామ్రాజ్యంలో పుట్టి, 1882లో ఇటలీలోని సిసిలీ దీవిలో మెస్సీనా అనే ఊళ్లో ఉంటున్నాడు. ఆయన తరువాత రాసుకున్న ప్రకారం, ఒక రోజు ఇంట్లోవాళ్లందరూ సర్కస్ చూడటానికి వెళ్తే ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. గాజులా లోపలంతా కనిపించే నక్షత్ర చేప పిల్లలోకి గులాబీ ముల్లు గుచ్చాడు. మర్నాడు పొద్దున చూస్తే, కదిలే కణాలు గుంపుగా వచ్చి ఆ ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి. ఈ పరిశోధనకు 1908లో ఆయనకు, యాంటీబాడీల మీద పనిచేసిన పాల్ ఎర్లిక్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

క్లాసులో ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు చిన్నాన్న కాల్లో పేడు గుర్తొచ్చింది. అక్కడా ఇదే జరిగి ఉంటుంది.

ఎలా ఆనవాలు పట్టాయి?

కణాలు వచ్చి చుట్టుముట్టాయి, సరే. వచ్చింది పరాయిదని వాటికి ఎలా తెలిసింది? ఆ కణం ఆ క్రిమిని ఇంతకు ముందు చూడలేదు. ఎవరూ నేర్పలేదు. మన ఒంట్లో లక్షల కోట్ల సొంత కణాలున్నాయి, వాటి జోలికి పోదు. ఆశ్చర్యం ఏమిటంటే, మెచ్నికోవ్ తరువాత చాలాకాలం పాటు ఈ ప్రశ్న వెనకబడిపోయింది. ఎక్కువమంది దృష్టి యాంటీబాడీల మీదికి పోయింది.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ జేన్‌వే అనే శాస్త్రజ్ఞుడు 1989లో ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చాడు. ఆయనకు ఒక చిన్న విషయం మింగుడుపడలేదు. టీకాల్లో శుభ్రమైన ప్రొటీన్ ఒక్కటే ఎక్కిస్తే శరీరం చాలాసార్లు పట్టించుకోదు. దానితో చంపిన బాక్టీరియా ముక్కలో, అల్యూమినియం లవణమో కలిపితేనే కదులుతుంది. అందరూ కలుపుతున్నారు, ఎందుకు కలపాలో ఎవరూ సరిగా చెప్పలేకపోతున్నారు. దాన్నిబట్టి జేన్‌వే ఒక ఊహ చేశాడు. మొదటి అంచె కణాలు ఒక్కో క్రిమి ముఖాన్ని గుర్తుపట్టవు, క్రిములన్నిటికీ ఉమ్మడిగా ఉండే కొన్ని ఆనవాళ్లను పట్టుకుంటాయి, అవి కదిలితేనే రెండో అంచె కదులుతుంది అని. అప్పటికి ఆ ఆనవాళ్లను పట్టే గ్రాహకం, అంటే కణం పొర మీద తాళం లాంటి నిర్మాణం, ఏదో ఆయనకూ తెలియదు.

అమ్మలకు అర్థమయ్యేలా చెబుతాను. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరతాం. ఆ రాళ్లలో ఏ ఒక్కదాన్నీ మనం ముందు చూసి ఉండం. అయినా వేలికి తగలగానే తెలుస్తుంది, ఎందుకంటే గట్టిగా ఉండటం రాయి దాచుకోలేని గుణం. క్రిములకూ అలా దాచుకోలేని గుణాలున్నాయి. కొన్ని రకాల బాక్టీరియాలకు బయటి పొర మీద కొవ్వు, చక్కెర కలిసిన ఒక పదార్థం ఉంటుంది. ఎండోటాక్సిన్ అంటారు. అది లేకపోతే ఆ పొర నిలబడటం కష్టం. ఈదే బాక్టీరియాకు తోక కావాలి, ఆ తోక ఫ్లాజెలిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. బూజు జాతికి గోడలో గ్లూకాన్ కావాలి. చాలా వైరస్‌లు పెరిగేటప్పుడు రెండు పేటల ఆర్.ఎన్.ఎ. తయారవుతుంది. ఇవేవీ ఆ రూపంలో మన కణాల్లో మామూలుగా ఉండవు. బాక్టీరియా వేషం మార్చగలదు గాని, తన ఇంటి గోడను మొత్తం వదులుకుని బతకడం తేలిక కాదు.

ఈగ చెప్పిన జవాబు

జేన్‌వే ఊహకు రుజువు వచ్చిన దారి విద్యార్థులు గుర్తుంచుకోదగ్గది. అది పండ్ల మీద వాలే చిన్న ఈగ నుంచి వచ్చింది. జర్మనీలో ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఆమె సహచరులు ఈగ పిండంలో వీపు ఎటు, పొట్ట ఎటు అని నిర్ణయించే జన్యువుల కోసం వెతుకుతూ ఒక జన్యువుకు 'టోల్' అని పేరు పెట్టారు. జర్మన్‌లో ఆ మాటకు 'భలే' అన్నట్టు అర్థం. అప్పట్లో దానికీ రోగాలకూ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు.

1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్, బ్రూనో లెమేత్రె బృందం టోల్ జన్యువు పాడైన ఈగలకు బూజు సోకేలా చేసింది. మామూలు ఈగలు తట్టుకున్నాయి. ఈ ఈగలు మాత్రం చచ్చిపోయాయి, వాటి ఒంటి మీద బూజు మొలిచింది. ఈగకు యాంటీబాడీలు లేవు, ఉన్నదంతా మొదటి అంచె కాపలానే. ఆ కాపలాకు టోల్ కావాలని తేలింది. మరుసటి ఏడాది, 1997లో, జేన్‌వే, ఆయన దగ్గర పనిచేస్తున్న రుస్లాన్ మెజితోవ్ మనుషుల్లోనూ అలాంటి జన్యువు ఉందని చూపించారు.

అది దేన్ని పట్టుకుంటుందన్నది అమెరికాలో డాలస్‌లో బ్రూస్ బాయిట్లర్ బృందం 1998లో తేల్చింది. 1960ల నుంచి ఒక జాతి ప్రయోగశాల ఎలుకల గురించి శాస్త్రజ్ఞులకు తెలుసు. మిగతా ఎలుకలను చంపే మోతాదులో ఎండోటాక్సిన్ ఇచ్చినా వాటికి ఏమీ కాదు. ఎందుకో వెతికితే, టోల్ లాంటి ఒక జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంది. మన ఒంట్లో ఎండోటాక్సిన్‌ను ఆనవాలు పట్టే గ్రాహకం అదే. టి.ఎల్.ఆర్.4 అంటారు. మనిషికి ఇలాంటివి 10 ఉన్నాయి. ఒకటి తోకను, ఒకటి వైరస్ ఆర్.ఎన్.ఎ.ను, ఒకటి బాక్టీరియా డి.ఎన్.ఎ.ను, ఇలా పంచుకుని కాపలా కాస్తాయి. 2011లో హాఫ్‌మన్, బాయిట్లర్‌లకు నోబెల్ వచ్చింది. మొదటి అంచె నుంచి రెండో అంచెకు కబురు మోసే డెండ్రిటిక్ కణాలను కనిపెట్టిన రాల్ఫ్ స్టైన్‌మన్ కూడా ఆ బహుమతిలో భాగస్వామి. ప్రకటనకు మూడు రోజుల ముందే ఆయన చనిపోయారు. జేన్‌వే 2003లోనే మరణించారు.

రక్షించేదే ముంచేది

ఆ ఎలుకల గురించి ఇంకొక మాట చెప్పాలి. నా ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. విషం ఎక్కించినా చావని ఆ ఎలుకలకు బతికున్న సాల్మొనెల్లా బాక్టీరియా సోకితే మామూలు ఎలుకల కన్నా సులభంగా చచ్చిపోతాయి. ఎండోటాక్సిన్ తనంతట తాను చంపే విషం కాదన్నమాట. దాన్ని ఆనవాలు పట్టిన మన ఒళ్లు పెట్టే గగ్గోలే ప్రమాదం. ఆ గగ్గోలు అసలు లేకపోతే క్రిమి చేతిలో చస్తాం. చిన్న చోట, సమయానికి జరిగితే అదే మనల్ని బతికిస్తుంది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడి కణాలు క్రిమిని ఆనవాలు పట్టి రసాయనాలతో కబురు పంపుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు కొంచెం వదులై రక్తంలోని నీరు, తెల్లకణాలు బయటికి వస్తాయి. అందుకే ఎర్రబడటం, వేడి, వాపు, నొప్పి. ఆ కబురు మెదడుకు చేరితే జ్వరం. ఇదంతా ఒక వేలి చుట్టూ జరిగితే మేలు. క్రిములు రక్తంలో పడి, ఒళ్లంతా ఒకేసారి ఇదే జరిగితే? నాళాలన్నీ వదులవుతాయి, రక్తపోటు పడిపోతుంది, సన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది, మూత్రపిండాలకు, మెదడుకు రక్తం చాలదు. దీన్నే సెప్సిస్ అంటారు. మా చిన్నాన్నను తీసుకుపోయింది ఇదే. 2017లో ప్రపంచంలో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందని, 1 కోటి 10 లక్షల మంది దానితో చనిపోయారని 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

మరి ఆ టి.ఎల్.ఆర్.4 తాళాన్ని మూసేస్తే సరిపోదా అని విద్యార్థులు అడగవచ్చు. మంచి ప్రశ్న. అలాంటి మందు తయారుచేసి రోగుల మీద పరీక్షించారు. 2013లో ప్రచురించిన ఫలితాల్లో మరణాలు తగ్గలేదు. మంట ఊరంతా అంటుకున్నాక మొదటి అగ్గిపుల్లను ఆర్పితే ఏం లాభం? ఇంకా మంచి దారి కనిపెట్టే పని మీ తరానికి మిగిలి ఉంది.

అన్ని క్రిములనూ శరీరం తరిమికొట్టదని కూడా తెలుసుకోవాలి. మన పేగుల్లో లక్షల కోట్ల బాక్టీరియాలు మనతోపాటే తిని బతుకుతున్నాయి, మనకు ఉపకారమూ చేస్తున్నాయి. పేగు గోడ కణాల్లో బాక్టీరియా తోకను పట్టే గ్రాహకం ముఖ్యంగా అడుగు వైపున ఉంటుంది. ఆహారం ఉన్న వైపు తోకలు ఎన్ని తిరిగినా పట్టించుకోదు, గోడ దాటి లోపలికి వస్తేనే కేక వేస్తుంది. ఎవరు వచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉన్నారన్నదీ అంతే ముఖ్యం.

ఈ జ్ఞానం ఎక్కడ పనికొస్తోంది?

ఒడిశా నుంచి వచ్చినవారికి ఒక సంగతి. బాలాసోర్ తీరంలో గుర్రపు లాడం ఆకారంలో ఒక జీవి దొరుకుతుంది. పీత అంటారు గాని, సాలీడుకు, తేలుకు దగ్గర బంధువు. దాని రక్తం నీలంగా ఉంటుంది. దీని అమెరికా బంధువు రక్తంలోకి బాక్టీరియా చేరితే రక్తం గడ్డకడుతుందని ఫ్రెడరిక్ బాంగ్ 1956లో ప్రచురించారు. తరువాత అది ఎండోటాక్సిన్ వల్లేనని తెలిసింది. ఆ రక్తకణాల సారంతోనే సెలైన్, ఇంజక్షన్లు, టీకాలలో ఎండోటాక్సిన్ లేదని పరీక్షించడం మొదలైంది. ఇప్పుడు పీత అవసరం లేకుండా ప్రయోగశాలలో చేసిన పదార్థంతోనూ ఆ పరీక్ష చేస్తున్నారు. మన చేతికి సెలైన్ ఎక్కించేటప్పుడు ఆ సముద్రపు జీవి కాపలాకు మనం రుణపడి ఉన్నాం.

కోవిడ్ సమయంలో వచ్చిన ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాల వెనకా ఇదే కథ. బయట తయారుచేసిన ఆర్.ఎన్.ఎ. ఎక్కిస్తే టోల్ గ్రాహకాలు వైరస్ వచ్చిందనుకుని గగ్గోలు పెట్టేవి. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ అందులోని అక్షరాలను కొద్దిగా మార్చి ఆ గగ్గోలు తగ్గించవచ్చని 2005లో చూపించారు. 2023లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

ఇంటికి తీసుకెళ్లవలసిన మాటలు

తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. జ్వరం అంటే తొలి కాపలా కేక వేసిందని అర్థం. పారాసిటమాల్ ఆ కేక వినపడకుండా చేస్తుంది, ఉపశమనం ఇస్తుంది. కాని వచ్చినవాణ్ని పంపించదు. అందుకని జ్వరం తగ్గిందా అనే కాక మనిషి ఎలా ఉన్నాడన్నది చూడండి. టీకా వేయించాక పసిపిల్లకు ఒక రోజు ఒళ్లు వెచ్చబడితే ఈ కాపలా మేలుకుందని అర్థం. భయపడి తరువాతి టీకా మానకండి.

రెండు. మీ అంతట మీరు దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వాడకండి. జలుబు లాంటి వైరస్ జబ్బులకు అది పనిచేయదు. సగం వాడి మిగిల్చినవి ఇంకొకరికి ఇవ్వకండి.

మూడు. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్నవారు ఉంటే రోజూ రాత్రి వాళ్ల పాదాలు వెలుతురులో చూడండి. వాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, తెల్లకణాలూ సరిగా పోరాడలేకపోవచ్చు. చిన్న పుండు కనిపించినా మర్నాడే డాక్టరుకు చూపించండి.

నాలుగు. గాయమో, జ్వరమో, దగ్గో ఉన్న మనిషికి విపరీతమైన వణుకు, ఒళ్లు చల్లబడటం, ఆయాసం, మాట తడబడటం, మగతగా ఉండటం, మూత్రం బాగా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. అదే గంటలో ఆస్పత్రికి వెళ్లండి. "సెప్సిస్ కావచ్చా?" అని ధైర్యంగా అడగండి. ఆ మాట ఆ రాత్రి మా ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా మా చిన్నాన్నకు ఒక అవకాశం ఉండేది.

విద్యార్థులకు ఒక్క మాట. ఈగ వీపు, పొట్ట గురించి వెతికినవాళ్లకు అది ఇంత దూరం వస్తుందని తెలియదు. టీకాలో ఎందుకు అది కలుపుతున్నారని అడిగిన జేన్‌వే, అందరూ అలవాటుపడిపోయిన విషయాన్నే అడిగాడు. మీ క్లాసులో కూడా అలాంటివి ఉంటాయి. ఏ భాషలో చదివినా అడగండి. ఈ రోజు మీరు అందుకునే కవరులో డబ్బు ఫీజుకు అయిపోతుంది. నా కవరూ అలాగే అయిపోయింది. అడిగే అలవాటు మాత్రం మిగిలింది.

మా చిన్నాన్న నేసిన చివరి చీర మా పిన్ని దగ్గర ఇప్పటికీ సగం మగ్గం నుంచి కోసిన ముక్కగానే ఉంది. మీ ఇళ్లలో ఏ పనీ అలా సగంలో ఆగకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.